మూడు ప్రాణాలు, ముగ్గురన్నదమ్ములు

పెద్దమ్మ పోయిందన్న ముచ్చట పొద్దుగాల తొమ్మిదింటికి, నేను చాయ్ గిన్నె తోముతుంటే వచ్చింది. దవాఖాన నుంచి నర్సమ్మ ఫోన్ చేసింది. పేరు చదివింది, వయసు చదివింది, "ఆప్ ఉన్‌కీ బేటీ?" అని అడిగింది. ఔనన్న. నిజానికి నేను ఆమెకు మరిది బిడ్డను, గని ఆ టైముకు వరసలు ఎవరు చెప్తరు? "సుబహ్ చలీ గయీ" అన్నది. నేను "అచ్ఛా" అన్న. మనిషి పోయిందంటే ఎవరన్న అచ్ఛా అంటరా? నేనన్న. ఆ మాట నా నోట్లకెల్లి ఎట్లొచ్చిందో ఇప్పటికీ నాకు సమజైతలేదు.

మేముండేది సూరత్‌ల, డిండోలిల. మా పెద్దబాపు, మా బాపు, మా చిన్నాయిన, ముగ్గురన్నదమ్ములు ఊళ్లె మగ్గాల పని నడ్వక ఈడ సాంచెలు నడుపనీకె వచ్చినోళ్లు. సాంచె అంటే కరెంటు మగ్గం. పెద్దమ్మ మా పెద్దబాపు భార్య. ఆమెకు పిల్లల్లేరు. పెద్దబాపు పోయినంక మా ఇంట్లనే ఉన్నది. నన్ను కన్నది అమ్మ, పెంచింది పెద్దమ్మ. గిట్లంటే మా అమ్మకు కోపమొస్తది గని, నిజమైతే గదే.

పెద్దమ్మ ఇంట్ల కూసోని చీరలకు రాళ్లంటించేది. మార్కెట్ నుంచి చీరలు గంపలల్ల వచ్చేటివి. కిటికీ కాడ పీట ఏసుకొని, కండ్లద్దాల కాడలకు దారం కట్టి మెడల ఏసుకొని, ఒక్కొక్క రాయి పెట్టేది. ఎవరు ఎదురొచ్చినా ముందు వాళ్ల బట్టలు చూసేది. అంగీకి పోగు వేలాడితే మాట్లాడుకుంటనే తెంపేది. మా ఇంటికి మొదటిసారి వచ్చిన మా కంపెనీ ఆయన చొక్కా పోగు గూడ గట్లనే తెంపింది. ఆయన బిత్తరపోయిండు. కూరగాయలామెతోని మూడు భాషలు కలిపి కొట్లాడేది. "కిత్నా బోల్తీ బెన్, జర దేవుని సూడు!" అనేది. బెన్ అంటే గుజరాతీల అక్క. ఆమె గూడ ఊకునేది కాదు. ఇద్దరికీ ఆ కొట్లాట లేకపోతే పొద్దు పోకపోయేది.

నా పని ఏందంటే ఫోన్లల్ల ఆడుకునే ఆటలు తయారు చేసుడు. చిన్న కంపెనీ, ఆరుగురం. మొదటి లాక్‌డౌన్ల అందరం ఇండ్లల్ల కూసున్నం. పెద్దమ్మకు చీరలు రావుడు బంద్ అయింది. ఆమె చేతులు ఖాళీగ ఉండంగ నేనెన్నడు చూడలే. రెండొద్దులు ఓర్సుకున్నది. మూడోనాడు నా పక్కన కూలబడి "ఏందే, పొద్దంత దాంట్ల మొఖం పెడ్తవు? నాకు గూడ సూపెట్టు" అన్నది.

అప్పుడు నేను చేస్తున్న ఆట గిది. ఒక మనిషి భుజం మీద తాకా, అంటే బట్ట తాను, పెట్టుకొని మేడల మీదికెల్లి ఉరుకుతడు. నడుమ గుంతలు. దుంకాలె. పడితే సస్తడు. మనిషికి మూడు ప్రాణాలు. మీద మూలకు మూడు చిన్న తలకాయలు ఉంటయి, సచ్చినప్పుడల్లా ఒకటి మాయమైతది. ఫోన్ ఆమె చేతుల పెట్టిన. మెత్త మీద ఆనిచ్చి, దూరంగ పట్టుకొని, ఏలు పెట్టింది. "జర పైలం బిడ్డా, పైలం" అని వానితోని మాట్లాడింది. ఆఖరుకు వాడు మొదటి గుంతలనే పడ్డడు. టింగ్ మని మళ్ల లేసి నిలవడ్డడు.

పెద్దమ్మ ఫోన్ కింద పెట్టింది. "గీడెవడు?" అన్నది.

"గాడే పెద్దమ్మా. ఇంక రెండు ప్రాణాలున్నయి గద."

"గాడెట్లయితడు? గాడు సచ్చిండు, నా కండ్ల ముంగట్నే పడ్డడు. గీడు నడిపోడు." మూలకున్న తలకాయలు ఏలుతోని సూపెట్టింది. "సూడు, ముగ్గురున్నరు. పెద్దోడు పోయిండు. గీడు నడిపోడు. ఇంటికాడ చిన్నోడున్నడు."

నేను మస్తు నవ్విన. అమ్మను పిలిచి చెప్పిన, బాపుకు చెప్పిన, ఆఫీసోళ్లకు మెసేజ్ పెట్టిన. అందరూ నవ్విండ్రు. పెద్దమ్మ నవ్వలే. "అన్న సచ్చి ఇంక తెల్లారలే, వీడు గప్పుడే ఉరుకుతుండు. సిగ్గుశరం లేదా వీనికి?" అన్నది. మా బాపు నవ్వు ఆపి, లేసి బయటికి పోయిండు.

ఎందుకు పోయిండో నాకు తర్వాత అమ్మ చెప్పింది. పెద్దబాపు కార్ఖానలనే గుండె ఆగి పోయిండట. తెల్లారి సేఠ్ కబురు పంపిండు, సాంచె ఖాళీగ ఉన్నది, తమ్ముడు రాకపోతే వేరేటోన్ని పెడ్తమని. అప్పటికి బాపుకు పని లేదు, ఇంట్ల బియ్యం లెవ్వు. మా బాపు పోయి అన్న నిలవడ్డ జాగల నిలవడ్డడు. పెద్దమ్మ ఆయననెన్నడు ఒక్క మాట అనలే. గని ఆనాడు నాతోని అన్నది: "పోవాలె. పోకపోతే ఎట్ల బతుకుతం? గని జరసేపు ఆగి పోతే ఏం కొంప మునుగుతుండె?"

ఆటలల్ల చావు ఎందుకుంటదో నేను ఆమెకు మస్తు తీర్ల చెప్పిన. ఎనకట రూపాయి బిళ్లలేసి ఆడే మిషన్లుండె. తొందరగ సంపితెనే ఇంకో బిళ్ల ఏస్తరు. ఇప్పుడు బిళ్ల లేదు, అడ్వటైజ్‌మెంట్ ఉన్నది. అది చూస్తె సచ్చినోడు లేస్తడు. అదొక్కటే కాదు, చావు పంతులు లెక్క పాఠం చెప్తది, గుంత ఏడుందో చెప్తది, గట్ల పడుకుంటనే మనిషి నేర్సుకుంటడని చెప్పిన. ఆ పాఠం ముచ్చట ఆమెకు నచ్చింది. "గది నిజం. పెద్దోడు పడ్డ కాడ నడిపోడు పైలంగ దుంకుతడు. సచ్చినోడు ఊకె సావడే, తొవ్వ సూపి పోతడు" అన్నది. నేను ఆ మాట కాయితం మీద రాసి గోడకు అంటించిన.

కథ నడిచే పెద్ద ఆటలు గూడ ఉంటయి. ఒకటి కంప్యూటర్ మీద ఆడుతుంటే పక్కన కూసోని చూసింది. దాంట్ల మనతోని మొదటి నుంచి నడిచొచ్చిన ముసలాయన ఒకడు మన తప్పు వల్ల సస్తడు. పెద్దమ్మ కొంగు నోట్ల కుక్కుకొని ఏడ్సింది. నేను ఆగబట్టక ఎనకటి జాగ నుంచి మళ్ల మొదలు పెట్టిన, ఈసారి ఆయన బతికిండు. నేను సంబురపడ్డ. పెద్దమ్మకు చెప్పలేనంత కోపమొచ్చింది.

"మరి నా ఏడుపో?" అన్నది. "అది వాపస్ ఇస్తరా? ఉత్తగనే ఏడ్పిచ్చిండ్రా నన్ను?"

నేను నాలుగేండ్ల సంది ఈ పని చేస్తున్న. ఆటల చావు ఎందుకు బరువుండదో గింత సాఫుగ నాకెవరూ చెప్పలే.

ఆ వారమే నా ఆటను మార్సుడు మొదలు పెట్టిన. మూడు ప్రాణాలు తీసేసి ముగ్గురన్నదమ్ములను పెట్టిన. పెద్దోనికి మీసం, నడిపోనికి మెడల రుమాలు, చిన్నోనికి ఎర్ర అంగీ. సచ్చినోడు మళ్ల రాడు. పెద్దోడు పడ్డ గుంత కాడికి నడిపోడు వస్తడు, నిలవడ్తడు. "ఎంతసేపు ఆగాలె పెద్దమ్మా?" అని అడిగిన. ఐదు సెకండ్లా, పదా, నాకు లెక్క కావాలె. ఆమె నన్ను పిచ్చిదాన్ని చూసినట్టు చూసింది. "దానికి గడియారం పెడ్తవా? ఆడెటోడు ఏలు పెట్టేదాక ఆగాలె. ఎవని పానం ఎంతసేపు గుంజితే గంతసేపు" అన్నది.

గట్లనే చేసిన. మా టీమ్ లీడ్ గుజరాతీ ఆయన, మంచోడే. పెద్దమ్మ పోగు తెంపింది ఆయన చొక్కాకే. అన్నదమ్ముల ముచ్చట ఆయనకు మస్తు నచ్చింది, ఆగుడు నచ్చలే. "ఇత్నా కౌన్ రుకేగా, బెన్?" అన్నడు. అంతసేపు ఎవరాగుతరు, ఆట పాడైందనుకొని తీసి పారేస్తరు అన్నడు. తమ్ముడు రాంగనే ఉరుకాలె, అడ్వటైజ్‌మెంట్ చూస్తే పెద్దోడు గూడ లేసి రావాలె అన్నడు. కంపెనీ గూడ మునుగుతున్న రోజులు, ఉన్న ఆరుగురిల ఇద్దరిని అప్పటికే తీసేసిండ్రు. నేను కొట్లాడిన, ఏడ్సిన, ఆఖరుకు ఊకున్న. ఆగుడు తీసేసిన. పెద్దోడు టింగ్ మని లేసుడు మళ్ల పెట్టిన. పెద్దమ్మకు చెప్పలే.

ఆమె ఫోన్ల నడిపోడు ఆగే పాత ఆటనే ఉండె. దాంట్ల నడిపోన్ని నిలవెట్టి, చాయ్ సాసర్ల పోసుకొని తాగి, "ఇగ నడువు నాయినా" అని అప్పుడు ఏలు పెట్టేది. అది చూసినప్పుడల్లా నాకు దొంగతనం చేసినట్టుండేది.

రెండో ఏడు ఎండకాలం జబ్బు మా గల్లీలకే వచ్చింది. ముందు బాపుకొచ్చింది, ఇంట్లనే తగ్గింది. తర్వాత పెద్దమ్మకు. దమ్ము ఆడలే. అంబులెన్సుల ఎక్కేటప్పుడు గూడ దాంట్లకెల్లి దిగినాయన ప్లాస్టిక్ అంగీకి పోగు లేదని చూసింది గావచ్చు, ఏదో అనబోయి దగ్గింది. దవాఖానల నాలుగొద్దులున్నది. మూడోనాడు నర్సమ్మ ఫోన్ల మొఖం సూపెట్టింది. ముక్కు మీద, నోటి మీద మాస్కు, దానికి గొట్టం. మాట దూరం నుంచి వచ్చినట్టు వచ్చింది.

"తిన్నవానే?"

"తిన్న పెద్దమ్మా."

"బాపు?"

"మంచిగున్నడు."

కొంచెం దమ్ము తీసుకున్నది. "మనోడు ఆగుతుండా?"

నాకు తెలుసు ఆమె ఎవని ముచ్చట అడుగుతున్నదో. "ఆగుతుండు పెద్దమ్మా" అన్న. "ఏలు పెట్టేదాక ఆగుతుండు." ఆమె కండ్లు మూసుకొని తలకాయ ఊపింది. నేను ఆమెతోని మాట్లాడిన ఆఖరు మాట అబద్ధం. ఎవరు ఎంత ఓదార్చినా అది అబద్ధమే.

పీనుగను ఇంటికియ్యలే. చిన్నాయిన ఒక్కడు పోయిండు, శ్మశానం గేటు కాడ చిట్టీ తీస్కొని వరుసల నిలవడ్డడు, దూరం నుంచి దండం పెట్టి వచ్చిండు. మొఖం చూసినవా అని మా అమ్మ అడిగితే, సంచి చూసిన వదినా అన్నడు.

మూడొద్దులనాడు పిట్టకు పెట్టినం. మా దిక్కు సచ్చినోళ్లకు పానమైన తిండి వండి పెడ్తరు. కాకి ముట్టినంకనే ఇంట్లోళ్లు తినాలె. అమ్మ పచ్చిపులుసు, అన్నం, గుడ్లు చేసింది. సూరత్ వచ్చినంక పెద్దమ్మ రుచి మరిగిన శనగపిండి లోచో గూడ ఇంత చేసింది. మేడ మీద ఇస్తారు పెట్టి చూస్తున్నం. ఎదురు మేడ మీద ఇంకో ఇస్తారు. దాని అవుతల ఇంకోటి. పక్క బిల్డింగుల మరాఠీ వాళ్లది పదోనాడట, వాళ్లు గూడ పెట్టిండ్రు. కాకులొస్తున్నయి, గోడ మీద వాలుతున్నయి, చూసి ఎగిరిపోతున్నయి. వాటి కడుపులు నిండినయి. బాపు మెట్ల మీద కూసోని, "అది జల్ది రాదు బిడ్డా. దానిక్కూడ పనెక్కువైంది" అన్నడు.

ఎండ నెత్తి మీదికొచ్చింది. ఎవ్వరం కిందికి దిగలే. బాపు చేతులు ముడుసుకొని ఆ ఇస్తారు దిక్కే చూస్తుండు. అన్న పోయిననాడు ఆగలేకపోయిన మనిషి. ఇయ్యాల సేఠ్ పిలిచినా పోయేటట్టు లేడు. పగటీలి దాటినంక ఒక కాకి వచ్చి గుడ్డు ఎత్తుకపోయింది. బాపు అప్పుడు ఏడ్సిండు, నేను గూడ ఏడ్సిన. అచ్ఛా అన్న నాడు రాని ఏడుపంతా అప్పుడొచ్చింది.

కిందికి దిగి కంప్యూటర్ తెరిచిన. రెండొద్దులల్ల ఆట బయటికి పోవాలె. టింగ్ తీసేసిన, పెద్దోడు మళ్ల లేసుడు తీసేసిన, నడిపోన్ని గుంత కాడ నిలవెట్టిన. లీడ్‌కు ఫోన్ చేసి, ఇది ఇట్లనే పోవాలె, లేకపోతే నన్ను తీసెయ్యి అన్న. పెద్దమ్మ ముచ్చట ఆయనకు అప్పటికి తెల్వదు, చెప్పిన. తన పోగు తెంపినామెనా అని అడిగిండు. ఔనన్న. "రహ్నే దో" అన్నడు. ఉండనియ్యి అన్నడు.

ఆట అంత గొప్పగ ఏం నడ్వలే, ఉన్నదున్నట్టు చెప్తున్న. చానమంది మొదటి గుంత కాడనే ఇడిసిపెట్టిండ్రు. గని మా పనిల ఒకటుంటది. ఆడెటోళ్ల పేర్లు, మొఖాలు మాకు తెల్వయి గని, ఎవరు ఏడ పడ్డరు, ఎంతసేపు ఆగిండ్రు అన్నది కంప్యూటర్ల కనవడ్తది. ఒకనాడు లీడే ఫోన్ చేసి, నడిపోని కాడ ఏమైతుందో చూడు అన్నడు. చూసిన. కొందరు రాంగనే ఏలు పెట్టిండ్రు, అది న్యాయమే, ఆడనీకె వచ్చినోళ్లు. గని కొందరు పెడ్తలేరు. ఆట మూసేస్తలేరు, ముంగటికి పోతలేరు. ఊకె ఉంటున్నరు. వాళ్లెవరో, వాళ్లింట్ల ఎవరు పోయిండ్రో నాకు ఎరుకలేదు.

నేను చూస్తున్నప్పుడు గూడ ఒకరున్నరు. ఏ ఊరో, ఎవరి చేతులనో, నడిపోడు గుంత ఒడ్డుకు నిలవడ్డడు. భుజం మీద తాకా ఉన్నది. రుమాలు కొస గాలికి కదులుతున్నది. ఏలు ఇంక పడలే.