ఎడమకు వాలిన ఎనిమిది

నాచారం పారిశ్రామిక వాడకు ఓడలు రావు. రాత్రంతా రైల్లో కూర్చుంటే తప్ప అక్కడివాళ్లకు సముద్రం కనబడదు. అయినా ఆ వాడలోని ఒక రేకుల షెడ్డులో ఓడలకూ, డీజిల్‌తో కరెంటు తీసే ప్లాంట్లకూ కావలసిన ఒక యంత్రం తయారయ్యేది. తారులా చిక్కగా ఉండే నూనెలో కాసిని నీళ్లు కలిపి, మజ్జిగ చిలికినట్టు చిలికి ఇంజనుకు అందించడం దాని పని. అలా చిలికిన నూనె బాగా మండుతుంది, పొగ తగ్గుతుంది, ఖర్చూ కలిసివస్తుంది. మల్లాపూర్ చర్చిలో పక్కన కూర్చున్న ఏ మనిషినీ దేవానందం ఈ సంగతి చెప్పకుండా వదిలేవాడు కాదు.

"సముద్రం మీద నల్లపొగ తగ్గిందంటే, అండ్ల నా చెయ్యి గూడ ఉన్నట్టే," అని ముక్తాయించేవాడు. పాస్టరుగారు సైతం దారి మార్చి నడిచేవారంటే అది ఆయన తప్పు కాదు.

గొప్పలు పోయినా ఆ మాట అబద్ధం కాదు. యంత్రంలో తిరిగే ఇరుసు మెడ దగ్గర రెండు ఉక్కు రింగులు ముఖాముఖి ఆనుకుని ఉంటాయి. ఆ ముఖాలు ఎంత సమంగా ఉంటే నూనె అంత బాగా ఆగుతుంది. ఏ మాత్రం వంకరున్నా సలసల కాగే నూనె బయటికి చిమ్మి, ఇంజను గదిలో మంట పుట్టినా పుట్టవచ్చు. దేవానందం ఆ రింగును ఇనుప పలక మీద పెట్టి, బూడిదరంగు పేస్టు వేసి, ఎనిమిది అంకె దిద్దుతున్నట్టు తిప్పి తిప్పి రుద్దేవాడు. ఆ పనిని షెడ్డులో ల్యాపింగ్ అనేవారు. అతని భార్య లూర్దమ్మ అక్కడే గోడవారన కూర్చుని, అతను రుద్దిన రింగుల్ని కిరసనాయిల్‌లో కడిగి పళ్లెంలో పేర్చేది. సూపర్‌వైజర్ కామరాజు వాటిలో ఒకటో రెండో తీసి, గాజుబిళ్ల కింద పెట్టి, పసుపుదీపం వెలుగులో చూసేవాడు. గాజు మీద చారలు తిన్నగా కనబడితే రింగు మంచిది, వంగితే పనికిరానిది. దేవానందం రింగులో చార వంగడం ఎవరూ చూడలేదు.

చికున్‌గున్యా వచ్చిన ఏడాది వాడంతా కుంటింది. అందరికీ జ్వరం పోయింది, నొప్పులు పోయాయి. దేవానందం వేళ్లలో మాత్రం అది మకాం వేసింది. పొద్దున లేస్తే పిడికిలి ముడుచుకునేది కాదు. అయినా పనికి వెళ్లాడు, వద్దంటే వినలేదు. రెండు నెలల్లో ఒక కరెంటు ప్లాంటు నుంచి యంత్రం ఒకటి నూనె కారుతోందని తిరిగి వచ్చింది.

"చూడు దేవానందం, ఇంకో నెల చూస్తాను. చెయ్యి కుదుటపడకపోతే నిన్ను గేటు దగ్గర కూర్చోబెట్టక తప్పదు," అన్నాడు కామరాజు. పాపం, కసురుతూ అనలేదు. దేవానందాన్ని అదే ఎక్కువ బాధపెట్టింది.

ఆ నెలంతా అతను రాత్రిళ్లు ఇంట్లో కిటికీ అద్దం ముక్క నేలమీద పెట్టుకుని, పాత రింగుతో సాధన చేశాడు. లూర్దమ్మ ఎదురుగా కూర్చుని అతని మోచేతికి నూనె రాస్తూ ఉండేది. అతను కుంచించుకుపోయినప్పుడల్లా "అయితది తియ్, జర నిమ్మలంగ," అనేది. నొప్పికి అతని కళ్లలో నీళ్లు తిరిగితే చూడనట్టు తల తిప్పుకునేది.

నిజంగానే అయింది. నెల తిరిగేసరికి చారలు మళ్లీ తిన్నగా వచ్చాయి. దేవానందం తలెత్తుకున్నాడు. చర్చిలో పాత పాట మళ్లీ మొదలైంది, కొత్తగా చికున్‌గున్యాను ఓడించిన చరణం ఒకటి చేరింది. వేళ్లు ఇంకా నొప్పెట్టేవి. కానీ పని తెలిసిన చెయ్యికి నొప్పితో పనేమిటని తనకు తానే చెప్పుకున్నాడు. మధ్యాహ్నం గేటు దగ్గర చెట్టు కింద దోస్తులతో అన్నం తిని, మాత్ర వేసుకుని కాసేపు నడుం వాల్చేవాడు.

ఒకనాడు మాత్ర లోపలే మరచిపోయి, భోజనాల మధ్యలో షెడ్డులోకి వచ్చాడు. లోపల ఎవరూ లేరు. మంచినీళ్ల ట్యాంకరు వచ్చిందని అందరూ బిందెలు పట్టుకుని బయటికి పరుగెత్తారు. తాను శుభ్రంగా తుడిచి వెళ్లిన పలక మీద తడి పేస్టు ఉంది. పేస్టులో ఎనిమిది అంకె జాడ ఉంది.

ఆ జాడ చూసి దేవానందం నిలబడిపోయాడు. రుద్దేవాడి చేతిని బట్టి ఎనిమిది ఒక పక్కకు వాలుతుంది. అతనిది ఎప్పుడూ కుడికే వాలేది. ఇది ఎడమకు వాలి ఉంది. పక్కన అతను పొద్దున రుద్దిన రింగులు, సగం తడిగా, సగం పొడిగా. వాటి పక్కన మూత తీయని లూర్దమ్మ టిఫిన్ డబ్బా.

బిందెతో లోపలికి వచ్చిన లూర్దమ్మకు అతని ముఖం చూడగానే అర్థమైంది.

"ఎన్ని దినాల సంది?" అన్నాడు.

"సారు జెప్పిన నెల నిండినకాడి నుంచి. నెలైతున్నది."

"నువ్వెట్ల నేర్సినవే?"

"నువ్వు ఇంట్ల అద్దం మీద రుద్దుతుంటే ఎదురుంగ కూసున్న గద. నీ చెయ్యి ఎటు వోతే నా చెయ్యి గూడ అటే వొయింది. నీ కుడి నాకు ఎడమ అయితదని నాకేం తెల్సు?"

దేవానందానికి ఒళ్లు మండింది. ఇన్నాళ్లూ తాను కోసిన కోతలన్నీ గుర్తొచ్చి సిగ్గుతో చచ్చిపోయినంత పనైంది. "నా ఇజ్జత్ తీసినవ్! వంకరుంటే వంకరున్నదని నాకు జెప్పొద్దా?"

"చెప్తె నువ్వు బతుకుదువా?" అంది లూర్దమ్మ. బిందె కింద దించింది. "చెప్పకుంట ఇడిసిపెడ్తె ఆ ఓడలల్ల ఉన్నోళ్లు బతుకుదురా? ఆళ్లు గూడ ఎవరో కన్న పిల్లలే గద, గ్రేసీ నాయినా. అందుకే బువ్వ తినే యాళ్ల అన్నీ గాజుబిళ్ల కింద సూసి, వంకరున్నయి దిద్దుతున్న."

దేవానందం మూత తీయని డబ్బా వైపు చూశాడు. నెల రోజులుగా భార్య చిక్కిపోతుంటే, వయసు మీదపడుతోందని వేళాకోళం చేసింది తనే. కోపమంతా ఒక్కసారిగా నీరుకారిపోయింది. అంతలో మరో సంగతి తట్టింది.

"మొన్న మన బిడ్డ గ్రేసీకి జరమొస్తె దవాఖానకు తీస్కవొయినవ్ గద. ఆనాటి రింగులు?"

లూర్దమ్మ తల వంచుకుంది. "తెల్లారి వచ్చి సూసేసరికి మిషన్ల బిగిచ్చిన్రు. పెట్టె ఇంక ప్యాకింగ్‌లనే ఉన్నది. రోజూ దేవునికి మొక్కుతున్న, ఏం జెయ్యాల్నో తెలుస్తలేదు."

దేవుడు ఏం చేయాలనుకున్నాడో గానీ, దేవానందం మాత్రం తిన్నగా కామరాజు గది వైపు నడిచాడు. గడప దగ్గర ఒక్క క్షణం ఆగాడు. నోరు విప్పితే తన చెయ్యి పోయిందని తానే చాటుకోవాలి. విప్పకపోతే ఆ పెట్టె ఓడ ఎక్కుతుంది. లోపలికి వెళ్లి, ఉన్నది ఉన్నట్టు చెప్పేశాడు.

పెట్టె విప్పించారు. రింగులు తీసి గాజుబిళ్ల కింద పెడితే చారలు కొడవలిలా వంగి కనబడ్డాయి. కామరాజు వాటిని తిరిగి పళ్లెంలో పెట్టాడు.

"రేపటి నుంచి ఇవెవరు చేస్తారయ్యా?" అన్నాడు.

"లూర్దమ్మ జేస్తది సారు."

"ఆడవాళ్లు పలక ముందు ఎప్పుడైనా కూర్చున్నారా ఇక్కడ?"

"నెల సంది కూసుంటనే ఉన్నది. మనమే సూడలే."

లూర్దమ్మను పలక ముందు కూర్చోబెట్టారు. షెడ్డులో ఉన్నవాళ్లంతా చుట్టూ మూగారు. ఎవరూ చూడనప్పుడు చకచకా ఆడిన చెయ్యి, ఇందరి కళ్ల ముందు కొయ్యబారిపోయింది. రింగు పట్టుకుని అలాగే ఉండిపోయింది. వెనక ఎవరో కిసుక్కున నవ్వారు.

దేవానందం ఒక స్టూలు లాక్కుని ఆమెకు ఎదురుగా కూర్చున్నాడు. వాచిన వేళ్లు ఉత్త బల్ల మీద ఆనించి, ఏమీ పట్టుకోకుండానే ఎనిమిది తిప్పడం మొదలుపెట్టాడు. "అటిటు సూడకు. నన్నే సూడు," అన్నాడు. లూర్దమ్మ అతని చేతినే చూసింది. కాసేపటికి రింగు కదిలింది. తర్వాత ఆగలేదు.

కామరాజు రింగు కడిగించి, గాజుబిళ్ల పెట్టి దీపం కింద చూశాడు. చారలు గీత గీసినట్టు తిన్నగా ఉన్నాయి.

"భలే నేర్పావయ్యా దేవానందం!" అన్నాడు భుజం తట్టి.

ఇలాంటి మెచ్చుకోలు కోసమే బతికిన మనిషి దేవానందం. నాలుక చివరిదాకా వచ్చిన జవాబును మింగేశాడు.

"నేనేం నేర్పలే సారు. నేను నా చెయ్యి కోసం ఏడుస్తుంటి. ఆమె నా ఎదురుంగ కూసోని నేర్సుకున్నది."