రాగి పచ్చబడ్డ గది

శ్రీశైలానికి తండ్రి ఇచ్చిపోయిన ఆస్తి ఒక్కటే, ముక్కు. పెగడపల్లి దిక్కు తాళ్ళు గీసిన ఓదెలు గౌడ్ చెట్టు సగం ఎక్కంగనే చెప్పేటోడు, పైనున్న లొట్టిల కల్లు ఇంకా తీపి మీదున్నదా, పులుపు తిరిగిందా అని. కొడుకు చెట్టెక్కనీకి మోకు పట్టలె. జగిత్యాలల ఐటిఐ చదివిండు, సౌదీల దమ్మాం పోయి ఒక పాల ఫ్యాక్టరీల తొమ్మిదేండ్లు చేసిండు, నలభై దాటినంక వచ్చి కోరుట్లల కిరాయింట్ల దిగిండు. ముక్కు మాత్రం తండ్రిదే. షెడ్డుల అడుగు పెట్టంగనే ఏ వైరు వేడెక్కిందో, ఏ మోటరు మాడబోతున్నదో పట్టేస్తడు. "నాతోని అబద్ధమాడినా వాసన వస్తదా నీకు?" అని భార్య రజని ఎగతాళి చేస్తది.

ఆయన చేసేది మిషిన్లు మాట్లాడుకునే తీగలను బాగుచేసుడు. ఒగ్గుకథ చూసినోళ్ళకు ఈ పని చెప్పుడు అల్కగ. కథ చెప్పేటాయన ఒక మాట అంటడు, పక్కన వంతకు నిలబడ్డాయన "ఔ" అంటడు. ఔ అనకుంటె కథ కదలదు. కొత్త ఫ్యాక్టరీలల్ల గూడ గంతే. ఒక పెద్ద పెట్టె సెకనుకు ఎన్నోసార్లు ఒక్కొక్క మిషిన్‌ను పిలుస్తది, మిషిన్ పలుకుతది. ఎవరు ముందు పలకాలె, ఎవరు తర్వాత, ఎంతసేపట్ల పలకాలె అన్నదానికి ఒక కట్టుబాటు ఉంటది. దాన్నే ప్రోటోకాల్ అంటరు. మన దగ్గర ఆ మాట మంత్రుల కార్లు పోతుంటే జనాన్ని ఎండల నిలబెట్టనీకి పనికొచ్చింది గని, దానికి నిజంగ కట్టుబడేటివి మిషిన్లే. మూడు పిలుపులు జవాబు లేకుండ దాటిపోతే మిషిన్ ఏదో ఆపదొచ్చిందనుకొని ఉన్నకాడ ఆగిపోతది.

ఆ కట్టుబాటును మనుషులు ఎట్ల చూసుకుంటరంటే, చెప్పాలంటెనే రోత. కోరుట్ల పక్కన ఒక పసుపు మిల్లుల నెట్‌వర్కు కేబుల్ మీద లుంగీలు ఆరేసిన్రు. ఒక రైసుమిల్లుల దాన్ని మూడు ఫేజుల కరెంటు వైరుతోని ఒకటే పైపుల తోసి, "మాట సక్కగ వినపడ్తలేదు" అని ఫోన్ చేసిన్రు. జాతరల మైకు ముంగట నిలబడి పెండ్లాంతోని గుసగుస పెట్టినట్టు. దమ్మాంల పాల ఫ్యాక్టరీల తలకు టోపీ, కాళ్ళకు సంచులు తొడుక్కొని, చేతులు మోచేతుల దాకా కడుక్కున్నంకనే ప్యానెల్ తలుపు తీసేటోడు. ఈడ తలుపు తీస్తె బల్లి గుడ్లు.

పోయిన ఎండకాలం జలపతి ఫోన్ చేసిండు. తంగళ్ళపల్లి అవతల ముప్పై ఆరు కొత్త మగ్గాలున్న షెడ్డుకు అతను సూపర్‌వైజర్.

"అన్నా, రోజు నాలుగైదు సార్లు మగ్గాలన్నీ ఒకటేసారి బందయితున్నయి. పగటి పూటనే. రాత్రి షిఫ్టుల ఒక్కసారి గూడ కాలే. సార్ జల్ది రమ్మంటున్నడు."

కోరుట్ల కెళ్ళి సిరిసిల్ల దాకా బండి మీద పోయి, వాగు దాటి షెడ్డు చేరేసరికి పదకొండు. యజమాని శశిధర్ రావు గాజు క్యాబిన్ల కూసున్నడు. వాళ్ళ తాత దొరగ ఉన్ననాడు ఊరోళ్ళు గడి ముంగట చెప్పులు చేత పట్టుకొని నడిచిన్రట. ఇప్పుడు గడి పోయింది, క్యాబిన్ వచ్చింది. గోడ మీద పెద్ద తెర, తెర నిండ ముప్పై ఆరు ఆకుపచ్చ గళ్ళు, గడికో మగ్గం.

"రా శ్రీశైలం, కూసో. చాయ్ తాగు."

"పని చూసినంక తాగుత సార్."

"పనేం లేదు. దొంగ దొరికింది. నూలు చుట్టేకాడ గీత అని ఒకామె ఉన్నది. సర్వర్ రూం గోడ పక్కనే ఆమె మిషిన్. ఆ గది తాళం మీద ఆమెకు మొదటిసంది కండ్లే. ఆడోళ్ళు ఉండేది పగలు, బందు పడేది పగలు. ఇంకేం కావాలె? మూడు రోజులాయె పనిల కెళ్ళి ఆపిన. ఎవరో లోపలికి పోయి తీగలు కదిలిచ్చిన్రని నువ్వు ఒక్క ముక్క రాసిస్తె, తీసేస్త."

"గది చూస్త సార్."

జలపతి తాళం తీసిండు. తలుపు మీద 'సర్వర్ రూం' అని స్టిక్కర్ ఉన్నది. దాని కింద, తెల్ల రంగు పలుచబడ్డకాడ, 'స్త్రీలు' అనే అక్షరాలు ఇంకా కనపడుతున్నయి. లోపల ఏసీ నడుస్తున్నది. ఆ సల్లదనం వెనుక కెళ్ళి వచ్చిన వాసనకు శ్రీశైలం తువ్వాల ముక్కుకు అడ్డం పెట్టుకొని ఒక అడుగు ఎనుకకేసిండు. కుళ్ళిన గుడ్డు వాసన. దాని మీద అగరుబత్తి వాసన.

నీలి టైల్స్. మూలకు నల్లా తీసేసి బిరడా కొట్టిన పైపు. నేల మీద ప్లైవుడ్ చెక్క, చెక్క మీద ఇనుప ర్యాకు. ర్యాకుల మగ్గాలన్నిటి తీగలు వచ్చి చేరే స్విచ్చు పెట్టె లైట్లు కొట్టుకుంటున్నది. వంగి చూస్తే ఆ చెక్క కింద లెట్రిన్ సీటు నోరు తెరుచుకొని ఉన్నది.

"గిదేంది జలపతీ?"

"ఉండెనన్నా ఒకప్పుడు. ఇప్పుడు సర్వర్ రూం. టైల్స్ ఉన్నయి, తాళమున్నది, నూలు దుమ్ము రాదు. సారే సెలెక్షన్ చేసిండు. మగ్గాలు అమ్మిన కంపెనీ వాళ్ళేమో మంచి గది కట్టుమన్నరు గని…"

"మరి ఆడోళ్ళు?"

"ఏదో చూస్కుంటరన్నా. పదకొండు మందే గదా."

సింధు నది ఒడ్డున ఊర్లు తవ్వినప్పుడు మోరీలు బయటపడ్డయట. నాలుగువేల ఏండ్ల కింద ఇంటింటికి స్నానాల గది కట్టి, ఆ నీళ్ళు పోనీకి ఇటుకలతోని కాలువలు పేర్చిన్రు. వాళ్ళ రాజెవడో, వాళ్ళ రాతేందో ఇప్పటికీ ఎవరికీ తెల్వది గని, మనిషి కడుపు సంగతి వాళ్ళకు తెలుసు అని మాత్రం ఒప్పుకుంటరు. తంగళ్ళపల్లిని ఎవడన్న తవ్వితే ఏం రాసుకుంటడో!

శ్రీశైలం స్విచ్చుల కెళ్ళి ఒక తీగ ఊడదీసి వెలుతురుకు పట్టిండు. తీగ కొసకు ఎనిమిది సన్నటి రేకులు. బంగారు పూత లేసిపోయి కొన్ని నల్లబడ్డయి, కొన్నిటి మీద పచ్చటి చిలుము, చింతపండు పెట్టి తోమక మూలకు పడేసిన రాగి చెంబు లెక్క. ఇంకోటి తీసిండు. గదీ గంతే. సీటు కింద వంపుల ఎప్పుడూ నీళ్ళు నిలవాలె, ఆ నీళ్ళే సెప్టిక్ ట్యాంకు గ్యాసును ఆపుతయి. నీళ్ళు పోసే మనిషి లేక వంపు ఎండింది, గ్యాసు లేసి ముప్పై ఆరు మగ్గాల గొంతు తిన్నది. రోగం తెలిసింది. పగలే ఎందుకన్నది తెలువలె. అంతట్లనే పక్క మగోళ్ళ బాత్రూం తలుపు ధనేల్మని పడ్డది, గోడ అదిరింది, ర్యాకు గజగజలాడింది. చిలుమెక్కిన రేకులు పట్టు వదిలి, ఒక్క క్షణం స్విచ్చు మీద లైట్లన్నీ ఆరినయి. బయట మగ్గాల మోత ఆగింది.

"రాత్రి షిఫ్టోళ్ళు ఈ బాత్రూంకు రారా?"

జలపతి సిగ్గుపడ్డట్టు నవ్విండు. "చీకట్ల గోడ పక్కకే పోతరన్నా."

క్యాబిన్‌కు పోయే తొవ్వల, గేటు కాడ రేకుల నీడకు గీత కూసున్నది. మూడు రోజులసంది పొద్దున వచ్చి, పొద్దూకి పోతున్నదట.

"నువ్వేనా ఇంజినీరువు? నన్ను దొంగను చేసి రాయనీకి అచ్చినవా?"

"ఇంజినీరును కాదు చెల్లె. తీగలు బాగుచేసేటోన్ని."

"తీగలు నాకెర్క లేదు. తాళం అయితే కొట్టిన, కొట్టలేదనను. ఏడు నెలల కింద, మూసిన రోజే, రాయి తీస్కొని కొట్టిన. పగల్లె. గప్పటిసంది దాని జోలికి పోలె."

"మరి ఎట్ల ఎల్లదీస్తున్రు?"

"ఎట్లేంది? నీళ్ళు తాగం. గీ ఎండలల్ల పొద్దున ఇంట్ల తాగుడు, మళ్ళ పొద్దూకినంక ఇంట్ల తాగుడు. మాతోని పనిచేసే లింగవ్వకు ఒంటికి పోతె మంట లేసి దవఖానల పడ్డది. నీళ్ళు మంచిగ తాగు అవ్వా అన్నదట డాక్టరమ్మ. తాగి ఏడ పోవాలె? నువ్వు చదువుకున్నోనివి, చెప్పు."

శ్రీశైలం ఉన్న దమ్మాం క్యాంపుల ఇరవై రెండు మందికి ఒక్క బాత్రూం ఉండె. పొద్దున లైన్ల నిలబడి తిట్టుకున్నరు, కొట్టుకున్నరు. అయినా దానికి తలుపుండె, తెరిచే ఉండె.

క్యాబిన్ల నిలబడి జలపతికి ఫోన్ చేసిండు. "ఆ బాత్రూం తలుపు గట్టిగ ఒకసారి కొట్టు." ధడేల్. తెర మీద ముప్పై ఆరు గళ్ళు ఎర్రబడ్డయి. మగ్గాలు మళ్ళ ఎక్కించి, "ఇంకోసారి" అన్నడు. మళ్ళ ఎర్రటి తెర.

"గీత గేటు కాడున్నది సార్. తలుపు కొట్టింది మీ జలపతి."

శశిధర్ రావు కుర్చీ తెర దిక్కు కెళ్ళి ఇటు తిప్పిండు. "సరే, తెలిసింది గదా. కొత్త పెట్టె కంపెనీ వాడు ఇస్తడు. నువ్వు మాత్రం ఎవరో కదిలిచ్చిన్రనే రాయి."

"ఎందుకు సార్?"

"లెట్రిన్ల పెట్టిన అని కంపెనీకి రాసిస్తవా? నా ఇజ్జత్ ఏం గావాలె?"

"మీ ఇజ్జత్ కోసం ఆమెను దొంగను చెయ్య సార్."

"జగిత్యాలల మా బామ్మర్ది మిల్లు గూడ నువ్వే చూస్తవు గదా శ్రీశైలం?" రావు గొంతు మెత్తబడ్డది. మెత్తబడితెనే భయం అని వాళ్ళ ఊరోళ్ళకు తాతల కాలంసంది తెలుసు.

"చూస్త. రేపటి సంది చూడొద్దంటే చూడ."

రావు రాయించుకుందామని తీసిన పేపరు మడిచి పక్కకు పెట్టిండు. "సరే, ఆమెను రమ్మను. ర్యాకు జలపతి రూంల పెట్టు. ఈ గదిల చీరల డబ్బాలు పెట్టుకుంటం, టైల్స్ మంచిగున్నయి."

శ్రీశైలానికి మండింది. ఆ కోపంల ఒక మాట తట్టింది.

"పెట్టుకోండి సార్. గ్యాసు చీరలకు పడుతది. సిమెంటు పెట్టి మూస్తరా, అదే ట్యాంకుకు మీ క్యాబిన్ బాత్రూం గూడ ఉన్నది, అటుకెళ్ళి లేస్తది. షెడ్డులకు లేస్తె మగ్గం మగ్గంల గిసొంటి రేకులున్న కార్డు ఒకటున్నది, దాన్ని తింటది. లెట్రిన్ వాడుతెనే వంపుల నీళ్ళు నిలుస్తయి. మనుషులు వాడాలె. నేను గదే రాస్త, కంపెనీ వాడు మళ్ళ మీ మీదికి తొయ్యకుంట."

ఇందుల సగం నిజం. అంత పెద్ద షెడ్డుల ఆ గ్యాసు మగ్గాలను తినదని శ్రీశైలానికి తెలుసు. జన్మల మొదటిసారి పని కాగితం మీద సాగదీసి రాసిండు. 'కారణం: స్త్రీల మరుగుదొడ్డి ఏడు నెలలుగా మూసివేయబడుట. నివారణ: దానిని ప్రతిదినము నీటితో వాడుట.' రావు రెండుసార్లు చదివి, చేదు మందు మింగినట్టు మొఖం పెట్టి సంతకం చేసిండు.

పొద్దుగూకేలోపల ర్యాకు జరిగింది, రేకులు మార్చిన తీగలు కొత్త గదిల పలుకుతున్నయి. నల్లా మళ్ళ బిగించిన్రు. గీత, ఇంకో ఇద్దరు బకెట్లతోని ఆ గది కడిగిన్రు. శ్రీశైలం సామాను సర్దుకుంటున్నడు. గప్పుడు జలపతి ఒక రిజిష్టరు తెచ్చి, దారం కట్టి, ఆ తలుపుకు వేలాడగట్టిండు. అట్ట మీద 'మిషిన్ల మెయింటెనెన్సు' అని ఉన్నది. లోపల గళ్ళు: పేరు, టైము, సంతకం.

"గిదేందిరా?" అన్నడు శ్రీశైలం.

"సార్ చెప్పిండన్నా. రోజు వాడుతున్నరని కంపెనీకి సబూత్ ఉండాలె గదా. లోపలికి పోయినోళ్ళు పోయినట్టు రాయాలె."

గీత రిజిష్టరు తెరిచి చదివింది. శ్రీశైలం దిక్కు చూసింది.

"నువ్వు రాసిచ్చిందేనా అన్నా గిది?"

"నీళ్ళు పొయ్యాలె అని రాసిన చెల్లె. పేర్లు రాయమని రాయలె."

"మేము ఏడు నెలలు అడిగితె తెరువలె. పెట్టెకు దగ్గొస్తె తెరిచిన్రు. ఇప్పుడు పెట్టె కోసం పోయినట్టు లెక్క చెప్పాల్నా? థూ!" పక్కకు ఉమ్మింది. ఎవరి మీద ఉమ్మిందో శ్రీశైలం అడుగలె. తన మీద గూడ కొంత పడ్డదనే అనుకున్నడు.

దారానికున్న పెన్ను అందుకొని, గోడకు ఆనిచ్చి, ఆమె రాసుడు మొదలుపెట్టింది. పదకొండు మంది పేర్లు. రేపటివి, ఎల్లుండివి, ఆ నెల ఆఖరు దాక. అన్నిటికి ఒకటే టైము, అన్నిటికి ఆమెదే సంతకం. జలపతి "అట్ల కాదు గీతా, అట్ల కాదు" అనుకుంట చుట్టు తిరిగిండు. ఆమె ఆఖరు గడి నింపి, రిజిష్టరు అతని చేతుల పెట్టి, లోపలికి పోయి గడె పెట్టుకున్నది.