ఏసీ గదికి కాపలా

ఆ రోజుల్లో కంప్యూటర్‌కి జరిగే మర్యాద కొత్తల్లుడికి కూడా జరిగేది కాదు. ఓ పెద్ద కంప్యూటర్ కంపెనీ రాయ్‌పూర్ బ్రాంచిలో నేను సాఫ్ట్‌వేర్ ఇంజనీరుగా చేరేనాటికి ఆఫీసు మొత్తానికి ఒక్కటే ఏసీ, అది కంప్యూటరుండే మిషన్ గదిలో. మే నెల వచ్చిందంటే అందరికీ కంప్యూటర్ మీద ప్రేమ పుట్టుకొచ్చేది. అకౌంట్సు ఆయన టైమెంతయిందో చూడ్డానికి వచ్చేవాడు (గోడ గడియారం ఆయన నెత్తి మీదే ఉండేది). మేనేజరు తన మజ్జిగ సీసా నా టేపుల పక్కన పెట్టేవాడు. తలుపు తీసినప్పుడల్లా వేడీ దుమ్మూ లోపలికొచ్చి మిషన్ రెండుసార్లు ఆగిపోయింది. పక్కనే ఉన్న తిల్దా ఊళ్లోని రైసుమిల్లు కోసం రాస్తున్న ప్రోగ్రాము మొదటికొచ్చింది. "ఇంకోసారి ఆగిందంటే నీ ఉద్యోగం పర్మనెంటు కాదు, సమఝే?" అన్నాడు మేనేజరు, ఆ మజ్జిగే తాగుతూ. నాకు ఒళ్లు మండిపోయింది. ఎవరూ లోపలికి రాకూడదని హిందీలో బోర్డు రాసి తగిలించాను. అందరూ రావడం మానేశారు. మేనేజరు మాత్రం భోజనం కాగానే గుమ్మంలో బూట్లు విప్పి, "బస్, దో మినట్," అంటూ వచ్చి కుర్చీలో గంటసేపు గుర్రు పెట్టేవాడు. ఆయన్ని ఏమీ అనలేక పళ్లు నూరుకునేవాణ్ణి.

సరిగ్గా అలాంటి మధ్యాహ్నమే మా నాన్న, నేను మరిచిపోయిన క్యారేజీ పట్టుకుని, రైల్వే కాలనీ నుంచి సైకిలు తొక్కుకుంటూ వచ్చాడు. రిటైరైన ఇంజను డ్రైవరాయన. చొక్కా పిండితే నీళ్లు కారేలా ఉంది. "కాసేపు లోపల కూకుంతాన్రా," అన్నాడు. అత్త మీద కోపం దుత్త మీద చూపినట్టు, బోర్డు చూపించి, "రూలంటే రూలే, ఇక్కడే కూర్చో," అని కసిరాను. (ఇది రాస్తుంటే ఇప్పుడు కూడా నా మీద నాకు కోపం వస్తోంది.)

ఆయన నొచ్చుకోలేదు. వరండా బల్ల మీద కూర్చుని, "రైటేలే. ఇంజను మీదికి మీ అమ్మని నానెక్కించానేటి?" అన్నాడు. అంతలో లోపలి నుంచి గుర్రు వినిపించింది. నాన్న తలుపు అద్దంలోంచి తొంగిచూసి, నెమ్మదిగా అడిగాడు.

"మరి ఆయన మిషన్లో ఏ పార్టురా?"

నేను లోపలికెళ్లి మేనేజర్ని భుజం పట్టి లేపి, బూట్లు చేతికిచ్చి బయటికి పంపాను. దాంతో ఉద్యోగం పర్మనెంటు కావడం ఆరు నెలలు వెనక్కిపోయింది. అందుకు నాకిప్పటికీ చింత లేదు. వరండాలోకి వచ్చి, "రా నాన్నా, లోపల కూర్చుందువుగాని," అనేసరికి ఆయన అప్పటికే సైకిలెక్కేశాడు. "వద్దులే, రూలు నీదే కదేటి," అంటూ ఆ ఎండలోనే వెళ్లిపోయాడు.

ఇప్పుడు ఏ చల్లటి గదిలో కూర్చున్నా అప్పటి నేననే ఆ కుర్రాడు గుర్తొచ్చి నవ్వుకుంటాను. వాడి కోపం మంచిదే. కాకపోతే ఓ పావుగంట ముందు రావలసింది.