పుస్తకంలో లేని ఆరుగురు

నౌపడ స్టేషన్ బెంచీ మీద నా పక్కన కూర్చున్న ముసలావిడ మన జిల్లా రాజకీయ చరిత్ర పుస్తకం చదువుతోంది. ఉన్నట్టుండి "అబద్దం!" అని పెన్ను తీసి పేజీ అంచున ఏదో రాసింది.

"ఏం రాశారమ్మా?" అన్నాను.

"ఉప్పు మళ్ళ కూలోళ్ళ సమ్మెలో ఆడోళ్ళు నేరని రాసినాడు బాబూ. లారీలకి అడ్డంగా కూకున్నది మేం ఆరుగురం ఆడోళ్ళమే."

వేళ్ళు మడుస్తూ పేర్లు చెప్పింది. ఐదు పేర్లు చెప్పి ఆరో పేరు దగ్గర ఆగిపోయింది. ఎంతకీ గుర్తు రాక చీర కొంగుకి ముడి వేసుకుంది. ఆ కొంగుకి అప్పటికే రెండు ముడులున్నాయి.

"ఒకటి బీపీ మాత్రకి. రెండోది దేనికేసినానో గుర్తు నేదు. ఒక్కర్తినే ఉంతన్నాను కదా, గుర్తు సేసీవోళ్ళు నేరు. నీకు మతి పోతంది, మా ఇంటికొచ్చీ అంతన్నాడు మా సెల్లి కొడుకు."

"వెళ్ళొచ్చు కదమ్మా?"

"ఎల్తే నాకు మతి నేదని ఒప్పుకున్నట్టే. అప్పుడీ పుస్తకమే నిజమైపోతాది."

ఆవిడ రైలొచ్చింది. కదులుతున్న పెట్టె కిటికీలోంచి, కొంగు ముడి విప్పుతూ అరిచింది.

"పైడమ్మ! ఆరోది పైడమ్మ బాబూ!"

ఇదంతా జరిగి చాలా ఏళ్ళయింది. ఇప్పుడు నేనూ ఒక్కణ్ణే ఉంటున్నాను. కళ్ళజోడు ఎక్కడ పెట్టానో రోజూ వెతుక్కుంటాను. మొన్న విజయనగరం లైబ్రరీలో అదే పుస్తకం కనబడింది. మిగతా పేర్లు ఎంత ఆలోచించినా గుర్తు రాలేదు. ఆ పేజీ తీసి అంచున పెన్నుతోనే రాశాను: పైడమ్మ ఉంది.