ఆదెన్న ప్లాస్టిక్ పందిరి

పోయిన వారం కళ్యాణదుర్గం బజారులో షేర్ ఆటో కోసం నిలబడి ఉన్నాను. ఎదురుగా ఉన్న అంగడివాడు ఎవరో రైతుకు కొలిచి ఇవ్వడానికి పాలిథిన్ పట్టను రోడ్డు మీద బారుగా పరిచాడు. మిట్టమధ్యాహ్నం. ఎండ పడీ పడగానే దాని నుంచి ఒక వాసన లేచింది. కాస్త తీపిగా, కాస్త గొంతుకు అడ్డంపడేట్టుగా, కొత్త ప్లాస్టిక్ కాగితే వచ్చే వాసన. పక్కనున్నావిడ కొంగు ముక్కుకు అడ్డం పెట్టుకుంది. నేను మాత్రం రెండడుగులు ముందుకు వేసి, వంగి, ఆ పట్ట అంచు పట్టుకుని చూస్తూ ఉండిపోయాను. "ఎన్ని మీటర్లు కావల్లమ్మా?" అని అంగడివాడు అడిగేదాకా నాకు స్పృహ లేదు. ఈలోగా ఆటో వెళ్ళిపోయింది.

ఆ వాసన నాకు ఆదెన్నది. ఆయన నాకు చుట్టం కాదు. బయాలజీ టీచరుగా మొదటిసారి ఈ ఊరికి బదిలీ అయి వచ్చినప్పుడు నేను మేడ మీద అద్దెకు దిగిన ఇంటి యజమాని. షామియానాల వ్యాపారం చేసినవాడు. "ఈ చుట్టుపక్కల నేను నీడ కట్టని పెండ్లి లేదు, చావు లేదు" అనేవాడు. మోకాళ్ళు అరిగాక అంగడి తమ్ముడి కొడుక్కి అప్పగించి ఇంట్లో కూర్చున్నాడు. కూర్చున్నాడు అనడం కూడా తప్పే, ఆ మనిషికి కూర్చోవడం చేతకాదు. ఏది కనబడినా దాని కడుపులో ఏముందో చూడాలి. ఒకసారి నేను బడి నుంచి వచ్చేసరికి నా మిక్సీ ముక్కలు ముక్కలుగా వరండాలో పరిచి ఉంది. "అది బాగానే ఉంది కదా పెద్దనాయనా!" అని మొత్తుకున్నాను. "బాగుండాదని నాకూ తెలుసు. ఎట్ల బాగుండాదో చూస్తామని ఇప్పినా" అన్నాడు. నా స్వభావం దీనికి పూర్తిగా తిరగేసినది. నాకు జవాబు తెలిసిన ప్రశ్నలంటేనే ఇష్టం. సిలబస్‌లో లేనిది అడిగిన పిల్లలను "ముందు ఉన్నది చదువు" అని కూర్చోబెట్టేదాన్ని. ఇప్పుడు చెప్పుకోవడానికి సిగ్గుగా ఉంది గానీ, అప్పట్లో అదే మంచి పంతులమ్మ లక్షణం అనుకునేదాన్ని.

ఆయన భార్య గంగమ్మ. నేను వచ్చిన రెండో ఏడు ఆమెకు పక్షవాతం వచ్చి ఒక పక్క పడిపోయింది. మాట పోలేదు, కానీ ఆమే మాట మానుకుంది. అడిగితే ఊ, లేదంటే ఊహూ. అన్నం ముందు పెడితే రెండు మెతుకులు కతికి గోడవైపు తిరిగేది. నోటికి ఏదీ రుచించడం లేదు. ఒకనాడు మాత్రం, ఎవరూ అడగకుండానే, "మా ఊరి వంకాయ ఉంటే రెండు ముద్దలు తిందును" అన్నది. ఆమె పుట్టిల్లు ముదిగుబ్బ దగ్గర ఒక పల్లె. అక్కడ వాళ్ళ పెరట్లో గుండ్రటి, చారల వంకాయ కాసేదట. బోరు ఎండిపోయాక ఆ ఇంట్లో పెరడే లేదు. అయినా ఆదెన్న బస్సెక్కి వెళ్ళి, బావమరిది ఇంట్లో అటక మీద పాత డబ్బాలన్నీ దింపి వెతికి, బూడిదలో కలిపి దాచిన చిటికెడు విత్తనాలు పట్టుకొచ్చాడు. ఎన్నేళ్ళ నాటివో ఎవరికీ తెలియదు. ఇంకో ఏడాది ఆగితే అవి మొలకెత్తవని నేను పుస్తకం చూసి చెప్పాను. ఆ మాట ఒక్కటే నేను సరిగ్గా చెప్పింది.

ఆయన వాటిని వెంటనే మట్టిలో వేయలేదు. ఫోనులో ఎక్కడో ఒక వీడియో చూశాడు. ఉన్ని టోపీ పెట్టుకున్న ఒక విదేశీయుడు ఇంటి వెనక పైపులు విల్లులా వంచి, వాటి మీద ప్లాస్టిక్ పట్ట కప్పి, లోపల మొక్కలు పెంచుతున్నాడు. దాన్ని పాలీటన్నెల్ అంటారట. "ఇది చలి దేశాల వాళ్ళకు పెద్దనాయనా. లోపల వేడి నిలవడానికి. మనకు వేడి కరువా?" అని నవ్వాను. ఆయన నవ్వలేదు.

"నాకు కావల్సింది వేడి కాదు టీచరమ్మా, గాలి తగలని చోటు. మన గాలి ఏం చేస్తాదో చూడల్యా? తడిబట్ట ఆరేసి ఎనక్కి తిరిగేలోపల ఆరిపోతాది. మొలక పరిస్థితీ అంతే. అయినా, లోపల వేడి ఎందుకు నిలుస్తాది? ఎండ లోపలికి పొయ్యేదారి ఉన్నప్పుడు బయటికి వచ్చేదారి ఉండదా?"

నేను పదో తరగతికి చెప్పినట్టే చెప్పాను. శ్రద్ధగా విని, "ఇది పుస్తకంలో ఉండేది. నువ్వు చూసినావా?" అన్నాడు. నేను చూడలేదు. పదకొండేళ్ళుగా చెబుతున్నాను, ఒక్కసారీ చూడలేదు. ఆ ప్రశ్నకు నాకు ఆ రోజంతా ఒళ్ళు మండింది.

మొదటి పందిరి ఆషాఢంలో కట్టాడు. ఇనుప చువ్వలు నేలలో దిగగొట్టి, నీళ్ళ పైపులు వంచి వాటికి తొడిగి, మీద పట్ట కప్పి, షామియానా తాళ్ళతో గూటాలకు బిగించాడు. పక్కింటాయన గోడ మీద నుంచి చూసి, "ఏమప్పా ఆదెన్నా, వంకాయలకు పెండ్లి చేస్తాండావా?" అన్నాడు. "పెండ్లి కుదిరితే నీకే మొదటి పిలుపు" అన్నాడు ఈయన. విత్తనాలు వేయకముందే, మూడో నాడు పొద్దున, ఆషాఢం గాలి ఆ పందిరిని గూటాలతో సహా పెరికి ఆ పక్కింటాయన గొర్రెల దొడ్డిలో పడేసింది. గొర్రెలు బెదిరి వీధి చివరిదాకా పరిగెత్తాయి. పక్కింటాయన పెట్టిన శాపనార్థాలు అన్నీ ఇక్కడ రాయలేను. ఆదెన్న మాత్రం దొడ్డిలో గొంతుకూర్చుని, చినిగిన పట్టను వేళ్ళతో తడిమి చూస్తున్నాడు. "నలభై ఏండ్లు పందిళ్ళు కట్టినా, ఒక్కటీ ఎగిరిపోలేదు. ఎందుకంటావు? గుడ్డకు కంటికి కనపడని కన్నాలుంటాయి. గాలి వడపోసుకొని పోతాది. దీనికి లేవు. ఇది గాలిని పట్టుకుంటాది" అన్నాడు. నష్టపోయిన మనిషి గొంతులా లేదు అది. దారిలో ఏదో దొరికిన మనిషి గొంతులా ఉంది.

కార్తీకంలో రెండోసారి కట్టాడు. ఈసారి గాలి వచ్చే దిక్కుకు అడ్డంగా కాకుండా నిలువుగా పెట్టి, పట్ట అంచులు అడుగు లోతు కాలువ తవ్వి మట్టిలో పూడ్చాడు. ఉన్న విత్తనాలన్నీ ఒక మడిలో చల్లాడు. కొన్ని దాచుకోమన్నాను. "దాచినోళ్ళే గదా ఇన్నేండ్లు దాచినారు" అన్నాడు. పన్నెండో నాటికి నలభై దాకా మొలకలు లేచాయి. పొద్దున పూట ఆ పందిరిలోకి వంగి వెళ్తే పట్ట లోపలి పక్కంతా నీటి చుక్కలు. వేలితో తాకితే జలజలా రాలేవి. ఆదెన్న అరచెయ్యి పట్టి వాటిని తలకు రాసుకునేవాడు. ఆ చుక్కలు బయటికి పోతాయేమోనని గుమ్మానికి వేలాడే పట్టను పగలంతా మూసి పెట్టేవాళ్ళం. మేమిద్దరం చేసిన పని అది. వానలేని సీమలో పుట్టిన మనుషులం కదా, తేమ బయటికి పోవడమంటే మాకు ఉప్పు ఒలికినంత బాధ.

ఆ సమయంలో లేపాక్షి దగ్గర బంధువుల పెండ్లికి ఆయన వెళ్ళాల్సి వచ్చింది. మూడు రోజులు. గంగమ్మకు తోడు ఆమె చెల్లెలు వచ్చింది, నారు నాకు అప్పగించాడు. "నువ్వేం చేయొద్దు, ఊరికే చూస్తా ఉండు" అన్నాడు. మొదటి రోజు నేను బడి నుంచి వచ్చి చూసేసరికి ఐదారు మొలకలు పక్కకు ఒరిగి ఉన్నాయి. మా ప్రాంతంలో మొక్క వాలితే దానికి ఒకటే అర్థం, దప్పిక. బోరు నీళ్ళు ఉప్పన, లేత మొక్కకు పడవని, నేను తాగడానికి కొనుక్కున్న క్యాను కిందికి మోసుకొచ్చి చెంబుతో పోశాను. గుమ్మం పట్ట ఇంకా గట్టిగా బిగించాను. మర్నాడు ఇంకా పది ఒరిగాయి. ఇంకా పోశాను. మూడో నాడు రెండు పూటలా పోశాను. నాకు తాగడానికి నీళ్ళు లేకపోతే బడిలో తాగాను. ప్రేమగా, జాగ్రత్తగా, ఒక్కో మొలక మొదట్లో ఆగి ఆగి పోశాను. ఆదెన్న తిరిగి వచ్చేసరికి నిలబడి ఉన్నవి తొమ్మిది.

ఆయన అడిగేలోపలే నేను మొదలుపెట్టాను. నీళ్ళు తక్కువ చేయలేదని, క్యాను నీళ్ళే పోశానని, నా తప్పేమీ లేదని. చెబుతూనే ఏడ్చాను. ఆయన మడి దగ్గర కూర్చుని పడిపోయిన మొలకను ఒకదాన్ని రెండు వేళ్ళతో తీసి వెలుతురుకు పట్టాడు.

"వేరు బాగుండాది. ఆకు బాగుండాది. మట్టికి ఆనేకాడ చూడు, దారమంత సన్నమై కుళ్ళిపోయిండాది" అన్నాడు. తరువాత నావైపు తిరిగి, "నువ్వు ఏం చూసి నీళ్ళు పోసినావు?" అని అడిగాడు.

"తిట్టాలనుకుంటే తిట్టేయి పెద్దనాయనా. ఇట్లా అడగొద్దు."

"తిట్టేదానికి కాదమ్మా. తెలుసుకుంటాండా. మొదటి దినం ఏం చూసినావు, చెప్పు."

అప్పుడు మొదటి నుంచి అంతా చెప్పాను. ఏ పక్కకు ఒరిగాయో, మన్ను ఏ రంగులో ఉందో, ఎంత పోశానో. చెబుతూ ఉంటే నాకే తెలిసింది. మన్ను మొదటి రోజే నల్లగా, తడిగా ఉంది. చూశాను, కానీ చూడలేదు. నారుకుళ్ళు గురించి నా పుస్తకంలోనే ఒక పేరా ఉంది, పిల్లల చేత బట్టీ పట్టించాను. ఆదెన్న మాత్రం అరచేతిలో ఆ మొలకను పెట్టుకుని, వింత చూసినవాడిలా తల ఊపుతున్నాడు. "అరవై ఎనిమిదేండ్లు వచ్చినాయి టీచరమ్మా. మన సీమలో నీళ్ళు ఎక్కువై చచ్చిన చెట్టును ఈ పొద్దు చూసినా. తలుపు మూసిపెట్టింది నేను గూడా గదా. వంటలకాడ షామియానా నాలుగు పక్కలా దించితే వంటోడు ఉడికిపోతాడని తెలిసినోన్ని, ఈడ మర్చిపోయినా" అన్నాడు. వెంటనే లేచి, రెండు పక్కలా పూడ్చిన పట్ట తవ్వి తీసి, మోకాలెత్తు పైకి చుట్టి కట్టాడు. ఎండపూట మీదికి పాత షామియానా గుడ్డ ఒకటి కప్పాడు. నీటి చుక్కలు ఆరిపోయాయి. తొమ్మిదిలో ఏడు బతికాయి.

మాఘంలో కాయలు దిగాయి. గుండ్రంగా, చారలతో, ముచ్చటగా ఉన్నాయి. చెనిక్కాయల పొడి, అదే వేరుశనగ పొడి, కూరి నేనే వండాను. నా పాపం కడుక్కోవాలని కూడా ఉంది. ఆదెన్న సంగటి ముద్ద మీద కూర పెట్టి భార్య నోటికి అందించాడు. ఆమె నెమ్మదిగా నమిలింది. మింగి, "ఇది కాదు" అన్నది.

బస్సెక్కి వెళ్ళి వెతికిన విత్తనాలు, రెండుసార్లు కట్టిన పందిరి, నేను చంపగా మిగిలిన ఏడు చెట్లు, అన్నీ దండగ అనిపించింది. ఆదెన్న ముఖం చూడటానికి భయపడ్డాను. ఆయన ముక్కాలిపీట మంచం దగ్గరికి ఇంకాస్త జరుపుకున్నాడు.

"మరి ఎట్లుండేది?"

"తొడిమకాడ చేదుండేది."

"చేదంటే? కాకరకాయ చేదా?"

"యాడి మాట! అది వేరే. నమిలినాక వస్తాది. నీళ్ళు తాగితే తీపైతాది."

"మీయమ్మ ఎట్ల వండేది?"

మొదలైంది. వాళ్ళమ్మ కట్టెల పొయ్యి, కాయలు కడగడానికి పోయే బావి, ఆ బావి మెట్లు, మెట్ల మీద నుంచి దూకే ఆడపిల్లలు. గంగమ్మ చెబుతోంది, ఆయన అడుగుతున్నాడు. ఏడాది నుంచి ఊ, ఊహూ తప్ప వినని ఇంట్లో నేను గరిటె పట్టుకుని నిలబడి విన్నాను. మాటల్లో పడి, బాగాలేదంటూనే, ఆమె రెండు ముద్దలు తిన్నది. మూడోదానికి నోరు తెరిచింది. ఆదెన్న ముద్ద చేతిలో పట్టుకుని నావైపు తిరిగాడు. కళ్ళు మెరుస్తున్నాయి. "నలభై మూడేండ్లు కాపురం చేసినా. ఈమెకు ఈత వచ్చునని నాకు ఈ పొద్దు తెలిసె!" అన్నాడు.

ఆ తరువాత మూడేళ్ళు ఆమె మాట ఆగలేదు. ఆయన ప్రశ్నలూ ఆగలేదు. ఆమె పోయిన ఆరు నెలలకు ఆయనా పోయాడు. అప్పటికి నేను వేరే మండలానికి బదిలీ అయి ఉన్నాను, కడసారి చూపు దక్కలేదు. ఆ బాధ అట్లాగే ఉంది. ఆయనకు వేసిన షామియానాకు పక్కలు ఎత్తి కట్టారో లేదో అని ఆ రోజు పిచ్చిదానిలా ఆలోచించాను.

ఇప్పుడు నేను తప్పులు దిద్దేటప్పుడు తొందరపడను. మొన్న తొమ్మిదో తరగతి పేపర్లు దిద్దుతున్నాను. వాన ఎక్కడి నుంచి వస్తుంది అన్నదానికి ఒక అమ్మాయి "నేల కింద నుంచి" అని రాసింది. ఎర్ర పెన్ను ఎత్తి, మళ్ళీ దించి, ఆ పిల్లను పిలిపించాను. "ఏం చూసి రాశావమ్మా ఇది?" అన్నాను. తిడతాననుకుని తల దించుకుంది. తిట్టడానికి కాదు, తెలుసుకుందామని అన్నాను. కాసేపు నా ముఖంలోకి చూసి నమ్మకం కుదిరాక, "మా ఊర్లో నీళ్ళు ఎప్పుడూ కిందనుంచే వస్తాయి మేడమ్, బోర్లోంచి. పైనుంచి రాంగా నేను రెండుమూడు తూర్లే చూసినా" అన్నది.

కుర్చీ చూపించి కూర్చోమన్నాను. ఆ రెండుమూడుసార్లు ఎట్లా ఉండిందో చెప్పమన్నాను. గంట కొట్టారు. ఇద్దరం లేవలేదు.