తెల్ల డబ్బకు కుట్టిన గౌను

గుంజి అవతల పారేసిన. నేను గట్ల చేస్తనని ఇంట్ల ఎవ్వలూ అనుకోలే, అత్త చేతుల చాయ కప్పు ఆడనే ఆగిపోయింది, మా మరిది కూసున్న కాడికెంచి లేచి నిలవడ్డడు. నేనేమో టీవీ ముందల మోకాళ్ళ మీద కూసొని, అత్త ముచ్చటపడి పూలు అల్లిన గుడ్డను టీవీకి తగిలిచ్చి ఆటలాడే గా తెల్ల గేమ్ డబ్బ మీదికెంచి తీసి పారేసి, జొరమొచ్చిన పిల్ల నొసలు చూసినట్టు డబ్బ మీద చెయ్యి పెట్టి చూస్తున్న.

"ఏమైందే పిల్లా, తేలు గిట్ల జొచ్చిందా?" అన్నది అత్త.

తేలు లేదు ఏం లేదత్తా, అది నడిచేటప్పుడు గాలి పీల్చాలె, ముక్కు మూస్తె సస్తది అని చెప్పి వంటింట్లకు పోయిన. దానికి ముందు గంట సేపటి సంది మరిది, వాని దోస్తు ఒకటే కొట్లాట, ఏ కంపెనీ డబ్బలు ఎక్కువ అమ్ముడుపోయినయని. దోస్తు నల్ల డబ్బ కంపెనీ దిక్కు. వాడు ఫోన్ల లెక్కలు చూపెట్టుకుంట, మీ తెల్లోళ్ళ పని ఖతం రా, గా డబ్బల బియ్యం పోసుకోండ్రి అని ఎక్కిరిస్తుండు. మరిదికి పట్టరాని కోపం. "వదినా, నువ్వు తాండూర్ల గేమ్ షాపుల కూసున్నదానివి, నీకు ఎరికె, నువ్వు చెప్పు ఏది మంచిదో" అని నా దిక్కు తిరిగిండు. నేను నోరు తెరిచే లోపే అత్త గుడ్డ తెచ్చి నడుస్తున్న డబ్బ మీద కప్పింది. ఇగ నాకు ఇప్పటి వికారాబాద్ కనిపిస్తలేదు, ఎనిమిదేండ్ల కిందటి తాండూరే కనిపిస్తుంది.

ఇంటర్ల రెండు సబ్జెక్టులు పోయినంక నన్ను ఏం చెయ్యాల్నో ఇంట్ల ఎవలకూ తెల్వలే. మా అమ్మ తమ్ముడు, అంటే మా మామ, తాండూరు బస్టాండ్ ఎనుక సందుల గేమ్ షాపు పెట్టిండు. గంటకింత అని పిలగాండ్లు వచ్చి ఆడుకునేది. కోడలు వచ్చి కూసుంటె నాకు ధైర్యం అన్నడు మామ. బాపు పంపిండు గనీ, నీ మీద మీ మామ ఒక్క మాట చెప్పినా మల్ల ఇంటికొచ్చి కూసునుడే అన్నడు. గా ఒక్క మాట ఎప్పుడు పడతదో అన్న భయంతోనే రోజూ పొద్దుగాల షటర్ లేపేదాన్ని. మీరు గూడ గట్ల ఎవలి నీడకో పోయి పనిజేసినోళ్ళయితే ఆ భయం ఎట్లుంటదో నేను చెప్పే పనిలేదు.

షాపుల రెండే డబ్బలు, ఒకటి నల్లది, ఒకటి తెల్లది. వచ్చేటోళ్ళు గూడ రెండు పార్టీలైన్రు. దేశంల ఏడనో నల్లవి ఎక్కువ అమ్ముడుపోయినయని వార్త వస్తె, నల్ల పార్టోళ్ళు మిర్చిబజ్జీలు తెచ్చి తెల్లోళ్ళ ముందల కూసోని తినేది. వాళ్ళు తిన్నది చూసి తెల్లోళ్ళు అన్నం మానేసినంత పని చేసేది. ఆ కంపెనోళ్ళకు తాండూరు అని ఒక ఊరున్నదని గూడ తెల్వదు, మనోళ్ళు మాత్రం సొంత అన్నదమ్ముల లెక్క అంగీలు చింపుకునేది. నాకు నవ్వొస్తుండె, జర ముచ్చటగ గూడ ఉండె.

తాండూర్ల బండలు కోసే మిషన్ల దిక్కుకెంచి తెల్లపొడి ఎట్ల వస్తదో ఎరికున్నోళ్ళకు ఎరికె. పొద్దుగాల ఊడిస్తె పగటాల్లకు మల్ల ముగ్గు పోసినట్టు అయితది. నల్ల డబ్బ మీద పొడి కనవడుతది, గందుకని మామ గంటకోపారి తుడుస్తుండె. తెల్లదాని మీద కనవడది, దాన్ని ఎవలు పట్టించుకోలే. నాకేమో తెల్లదంటెనే పాణం. మన ఇండ్లల్ల కొత్త వస్తువ ఏదొచ్చినా గుడ్డ కప్పుతం గదా, మిక్సీకి, టీవీకి, కుట్టు మిషన్‌కు. నేను గూడ గట్లనే జాకెట్ కుట్టంగ మిగిలిన ఎర్ర పట్టు గుడ్డతోని దానికి గౌను కుట్టిన, కింద కుచ్చులు పెట్టి, వైర్లు పోనీకె ఎనుక సందు ఇడిసి. ఆడేటప్పుడు గూడ తీసేది కాదు. చూసినోళ్ళంత దాన్ని పెండ్లిపిల్ల అంటుండిరి. మామ మురిసిపోయి, నా కోడలి చేతులల్ల పనితనం ఉన్నదని వచ్చినోళ్ళకల్ల చూపెట్టిండు.

తెల్లదాని మీద రోజూ ఆడేటోళ్ళల్ల ఒక కాక ఉండె. సొంత కాక కాదు, షాపుల అందరికీ కాకనే. ధారూర్ దిక్కు పల్లె. తాతల సంది గొర్లు కాసిన ఇల్లు. మోకాళ్ళు పనిజెయ్యక మంద అమ్మేసి, కరణ్‌కోట దిక్కు సిమెంట్ కంపెనీల కాపలా పనికి కుదిరి, తాండూర్లనే రూము తీసుకొని ఉంటుండె. డ్యూటీ దిగంగనే సైకిల్ మోటర్ మీద వచ్చి, పొలం పనులు చేసే ఆట ఒకటి ఉంటది, గా ఆట పెట్టుకొని గొర్లు పెంచేది. ఒక్క గొర్రెతోని మొదలువెట్టి నలభై దాంక చేసిండు. అన్నిటికీ పేర్లే, చుక్కది, బోడిది, కుంటిది. టీవీల గొర్లు గట్టు దాటుతుంటె నోటితోని ట్రూ ట్రూ అని అదిలిచ్చేది.

"కాకా, పొద్దుగాల పాలు పిండినవానే?" అని నల్ల పార్టోళ్ళు ఎక్కిరిచ్చేది.

"నువ్వు ముందుగాల నీ కారు గోడకు గుద్దకుంట నడువు బిడ్డా, నా మంద ముచ్చట నీకేల" అనేది కాక.

ఏ డబ్బ ఎక్కువ అమ్ముడుపోయిందో కాకకు పట్టలే. ఆట ఎంతదాంక ఆడినమో డబ్బ లోపటనే దాగి ఉంటది, కాక గొర్లన్ని గా తెల్లదాని కడుపుల ఉన్నయ్, గంతే ఆయనకు కావాల్సింది.

ఎండకాలం రాంగనే తెల్లది నడుమ నడుమ ఆరిపోవుడు షురూ అయింది. ఇగ నల్ల పార్టోళ్ళకు పండుగ. కంపెనీ మునుగుతుంది గదా, నాసిరకం మాల్ ఏస్తున్నరు అన్నరు. తెల్ల పార్టోళ్ళు గూడ తల దించుకున్నరు. నేను గూడ అవునవునన్న, నలుగుట్ల నిలవడి మరీ అన్న. ఒక ఆయితారం నాడు గౌను మాసిందని ఉతికి ఆరేసిన. ఆ రోజు పొద్దుగూకే దాంక తెల్లది ఒక్కపారి ఆరిపోలే. చెయ్యి పెట్టి చూస్తె సల్లగ ఉన్నది. కంపెనీ కాదు, మాల్ కాదు, నేనే. నా కుచ్చుల గౌనే దాన్ని ఉడకవెట్టింది.

చెప్పొచ్చు గదా అంటరు మీరు. నేను గూడ రోజూ గదే అనుకుంట. గనీ అప్పటికే మామ పట్నంల ఒకాయనతోని మాట్లాడిండు, మంగళారం వచ్చి తెల్లది తీస్కపోయి ఇంకో నల్లది ఇచ్చి పోతనన్నడు ఆయన. చెప్తె మామ ఒక్క మాట అంటడు, ఆ ఒక్క మాట బాపు చెవుల పడతది. గౌను తొడగకుంట ఇడిస్తె ఎందుకు తీసినవని అడుగుతరు. గందుకని, సిగ్గు ఇడిచి చెప్తున్న, ఆరినంక మల్ల తొడిగిన.

సోమారం కాక వచ్చిండు. ఆడుడు అయిపోయినంక పోకుంట నా కౌంటర్ కాడ నిలవడ్డడు. "బిడ్డా, ఈ డబ్బ పోతె లోపటి గొర్లు కొత్త డబ్బలకు వస్తయా?"

రావని నాకు ఎరికె. "వస్తయ్ కాకా, ఎందుకు రావు" అన్న.

మంగళారం తెల్లది గౌను లేకుంట పోయింది. గౌను నేను నా సంచిల పెట్టుకున్న. సాయంత్రం కాక వచ్చి కొత్త నల్లదాని ముందల కూసొని చానసేపు ఎతికిండు. "యాడికో తోలుకపోయిన్రు బిడ్డా" అన్నడు, నన్ను ఒక్క మాట అనలే. తర్వాత రెండు మూడు సార్లు వచ్చి మందివి కారు రేసులు చూసిండు, ఇగ రాలే.

తెల్ల పార్టోళ్ళు నాలుగు రోజులల్ల నల్ల పార్టోళ్ళయిన్రు. రెండూ ఒక్క రంగే అయినంక కొట్లాటలు లేవు, బజ్జీలు లేవు. గప్పుడు నాకు సమజైంది, ఏ కంపెనీ గెల్చినా ఆడేటోనికి ఒరిగేది ఏం లేదు, గనీ గా పంతం మనకు కండ్లు మూస్తది. తెల్లది ఓడిపోతది అని అందరూ ముందే అనుకున్నరు, గందుకనే గౌను లేపి చూద్దామని ఒక్కలకు తోచలే, నా తప్పు దాసుకోనీకె నాకు అదే సాటయింది. ఇప్పుడు ఆ షాపు లేదు, మామ ఆడ రీఛార్జులు, ఫోన్ల కవర్లు అమ్ముతుండు. ఎవల ఫోన్ల వాళ్ళు, ఎవల ఇంట్ల వాళ్ళు ఆడుకుంటున్నరు. కొట్లాట గూడ తెలిసిన మొకాలతోని కాదు, ఏ ఊరోళ్ళో గూడ తెల్వనోళ్ళతోని తిట్ల పురాణం. ఓడినోని పక్కకు కూసొని బజ్జీ తినేటోళ్ళు ఏరి? గొర్రెకు పేరు పెట్టి అదిలిచ్చేటోళ్ళు ఏరి?

వంటింట్ల నిలవడి గివన్ని యాదిజేసుకుంటుంటె అత్త వచ్చి, గుడ్డ పోతె పోనియ్యే, నీ మొకం ఎందుకు గట్లయింది అన్నది. అత్తకు అంత చెప్పిన. అప్పటికప్పుడే తాండూరు మామకు ఫోన్ చేసిన. కాక ఇంకా ఆ రూముల్నే ఉన్నడంట, పని మానేసిండంట.

తెల్లారి పొద్దుగాల పెట్టె అడుగుకెంచి ఎర్ర గౌను తీసి, ప్యాసింజర్ రైలు ఎక్కి తాండూర్ల దిగిన. కాక గడప మీద కూసొని యాపపుల్ల నములుతుండు, నన్ను చూసి గుర్తువట్టి, రా బిడ్డా కూసో అన్నడు. కూసోలే. కూసుంటె చెప్పలేనని భయమైంది. గౌను ఆయన చేతుల పెట్టి, నిలవడే మొత్తం చెప్పేసిన.