గోంగూర సీసాలో గోధుమ

మా గోంగూర పేస్టులో గోధుమ ఉందని ఇంగ్లండు నుంచి మెయిల్ వచ్చిన పొద్దున, దాన్ని మూడుసార్లు చదివాను. చదివినకొద్దీ ఒళ్లు మండింది. వరి తప్ప ఇంకో పైరు తెలియని ఊళ్లో పుట్టి, అలాంటి ఊరికే కోడలిగా వచ్చినదాన్ని. మా ఇంట్లో గోధుమపిండి ఉందంటే అది షుగరున్న మా మామగారి చపాతీల కోసం. ఆ డబ్బా వంటింటి గడప దాటి షెడ్డులోకి రాదు. గోంగూరలో గోధుమపిండి కలిపేంత పిచ్చి నాకింకా పట్టలేదు.

మెయిల్ పంపింది అక్కడ చిన్న కిరాణా కొట్టు నడిపే తెలుగాయన. నిడదవోలులో మా పెరటి షెడ్డులో నేనూ, మా అత్తగారూ, మరో ఇద్దరు ఆడవాళ్లూ కలిసి చేసే పేస్టును తన కొట్లో అమ్ముతానని ఆయనే అడిగాడు. పెళ్లిళ్లకీ పేరంటాలకీ డబ్బాల్లో పోసి ఇచ్చింది చాలు, నేను చేసిన సరుకు నా లేబుల్‌తో ఒక కొట్టు అరలో నిలబడాలని యాభై రెండేళ్ల వయసులో పట్టుబట్టాను.

ఆ పట్టుతోనే నెలల తరబడి కాగితాల చుట్టూ తిరిగాను. ఇక్కడి ఆహార లైసెన్సు, ఎగుమతికి రిజిస్ట్రేషను, పులుపు ఎంతుందో, ఎన్నాళ్లు నిలవుంటుందో చెప్పే ల్యాబ్ రిపోర్టు, అన్నీ సంపాదించాను. లేబుల్ మీద బ్యాచి నంబరు, గడువు తేదీ, దిగుమతి చేసుకునే ఆయన చిరునామా ఉండాలి. వేసిన దినుసులన్నీ బరువు ప్రకారం, ఎక్కువది ముందు, తక్కువది వెనక రాయాలి. కొందరి ఒంటికి పడని దినుసులుంటే వాటిని లావు అక్షరాల్లో వేయాలి. ఆవాలూ ఆ కోవలోవే అంటే రాజమండ్రి ప్రింటింగ్ ప్రెస్సాయన నమ్మలేదు.

"ఆవాలు పడకపోవడం ఏంటండీ? మరి వాళ్లు పోపు ఎలా పెట్టుకుంటారండి?"

నాకూ నవ్వొచ్చింది. అయినా లావు అక్షరాల్లోనే వేయించాను.

ఇంత పద్ధతిగా చేస్తే గోధుమంటాడేంటని ఆ కొట్టాయనకి ఫోన్ చేసి దులిపేశాను. ఆయన చివరిదాకా ఓపిగ్గా విన్నాడు.

"మీరు అబద్ధం చెప్పారనడం లేదండి. మా ఆవిడకి గోధుమ అస్సలు పడదు. ఏది కొన్నా లేబుల్ చదవందే నోట్లో పెట్టదు. మీ శాంపిల్ సీసా చదివి, గోధుమ లేదని నమ్మి, అన్నంలో కలుపుకుంది. రెండు రోజులు మంచం దిగలేదండి. అందుకే టెస్టుకి పంపాను. ఇక్కడ దిగుమతి చేసుకునేది నేను, రేపు ఎవరికేమైనా జవాబు చెప్పాల్సింది నేనే. ఎక్కడ కలిసిందో మీరు తేల్చితే సరే. లేకపోతే ఇక్కడితో ఆపేద్దామండి."

నా చేతి వంట తిని ఒక మనిషి మంచాన పడిందన్న మాట నేను జన్మలో వినలేదు. సిగ్గుతో చచ్చిపోయాను. ఆ పూట అన్నం సయించలేదు. సాయంత్రానికి మాత్రం తేల్చకుండా వదలకూడదని గట్టిగా అనుకున్నాను.

ముందు కారం మర మీద పడ్డాను. అందులో గోధుమలు కూడా పోస్తున్నారా అని అడిగితే మర ఆయన నన్ను ఎగాదిగా చూశాడు.

"కారం మరలో గోధుమలు పోస్తే ఆ చపాతీలు ఎవరు తింటారండి? మీరు తింటారా?"

నూనె కొట్టాయన్నీ, సీసాలు సరఫరా చేసేవాళ్లనీ కూడా వదల్లేదు. వారం తిరిగేసరికి ఊళ్లో సగం మందికి నామీద కోపం మిగిలింది గానీ గోధుమ ఆచూకీ దొరకలేదు.

ఇక ఒక పొద్దున స్టవ్ పక్కన కాటా పెట్టుకుని కూర్చున్నాను. ఆకు, నూనె, కారం, ఉప్పు, ఒక్కొక్కటీ తూచి, ప్యాకెట్ ఉంటే అదీ చదివి మరీ అత్తగారి చేతికిచ్చాను. పోపులో ఆవాలు చిటపటలాడాయి. అత్తగారు చిన్న డబ్బా మూత తీసి చిటికెడు ఇంగువ తీశారు.

"ఆగండత్తయ్యా, అది తూచలేదు."

"చిటికెడు ఇంగువకి కాటా ఏంటే? పోపన్నాక ఇంగువ ఉంటుంది. అదీ ఒక సరుకేనా?"

నిజమే. లేబుల్‌కి దినుసులు రాసుకున్న రోజున ఇంగువ ఆవిడ చెప్పలేదు, నేనూ అడగలేదు. మా ఇంట్లో ఇంగువంటే వాసన, అంతే. కళ్లజోడు పెట్టుకుని డబ్బా వెనక సన్నక్షరాలు చదివాను. తుమ్మబంక, గోధుమపిండి, ఇంగువ. అందులో ఇంగువ కన్నా గోధుమపిండే ఎక్కువ. చంకలో పిల్లను పెట్టుకుని ఊరంతా వెతికాను.

"ఇన్నేళ్లుగా వేస్తున్నాను, ఎవరికేమైందే?" అన్నారు అత్తగారు విసుగ్గా.

కొట్టాయన భార్య సంగతి అప్పుడు చెప్పాను. అత్తగారి చేతిలో చిటికెడు అలాగే ఉండిపోయింది.

"ఆ పిల్ల లేచిందా ఇప్పుడు?"

"లేచిందటత్తయ్యా."

ఆవిడ ఆ చిటికెడూ తిరిగి డబ్బాలో వేసి, డబ్బాని వంటింట్లోకి పంపేశారు. బియ్యప్పిండితో చేసిన ఇంగువ దొరుకుతుందని తెలిసి మర్నాడే రాజమండ్రి వెళ్లి తెచ్చాను. పాత్రలన్నీ తోమించి మళ్లీ చేశాం. ల్యాబ్ ఈసారి గోధుమ లేదని రాసిచ్చింది. ప్రెస్సాయన కొత్త లేబుల్ మీద, జాబితాలో అన్నిటికన్నా చివర, ఇంగువ పేరు ఎక్కించాడు.

సీసాలు ఇంగ్లండు చేరిన రోజున ఫోన్ మోగింది. ఈసారి మాట్లాడింది ఆయన భార్య.

"లేబుల్ చదివానండి, రిపోర్టు కూడా చూశాను. అయినా సీసా తెరవడానికి చెయ్యి రావట్లేదు. ఒక్కసారి మీ నోటితో చెప్తారా, ఇందులో గోధుమ లేదని?"

నేను నోరు తెరిచేలోపు మా అత్తగారు ఫోన్ లాక్కున్నారు.

"లేదమ్మా. ఇంగువ కూడా తూచే వేశాను. తిను."